లామా అని రాసిన రోగి ఆ తర్వాత ఏమయ్యారు?

ప్రశ్న: నమస్కారం. శ్రీకాకుళం జిల్లా నుంచి రోగులు ఎక్కువగా వచ్చే ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో జనరల్ మెడిసిన్ పీజీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ‘ఐసీయూలో చేరిన సెప్సిస్ రోగుల్లో సోఫా స్కోరుకీ, ఫలితానికీ ఉన్న సంబంధం’ అనే థీసిస్ తీసుకున్నాను (సెప్సిస్ అంటే ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినడం, సోఫా అంటే ఆ అవయవాలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే స్కోరు). 18 నెలల్లో 100 మందిని చూడాలి. సీనియర్ల ప్రొఫార్మాలో ఆఖరి వరసలో డిశ్చార్జ్, డెత్, లామా అని మూడు గళ్ళున్నాయి. వైద్యుల సలహాకి విరుద్ధంగా వెళ్ళిపోయిన ఆ లామా కేసులను పక్కనపెట్టి మిగతావాటితో లెక్క కట్టమని స్టాటిస్టిక్స్ చూసే ఆయన చెప్పారు. అలా తీసేయొచ్చా? 100 మంది సరిపోతారా? సోఫా వేసేటప్పుడు ఎక్కడ పొరపాట్లు జరుగుతాయి? ఇంటికి వెళ్ళిపోయిన వాళ్ళకు ఫోన్ చేసి ‘మీ వాళ్ళు ఎలా ఉన్నారు’ అని అడిగితే వాళ్ళ పుండు మీద కారం చల్లినట్టు కాదా?

జవాబు: తీసేయకండి. మీరడిగిన వాటన్నిటిలోకీ పెద్ద ప్రశ్న ఇదే కాబట్టి ముందు దీని సంగతే చూద్దాం.

100 మంది చేరారనుకోండి. 35 మంది ఆసుపత్రిలోనే పోయారు, 50 మంది డిశ్చార్జ్ అయ్యారు, 15 మంది లామా. ఆ 15 మందిని తీసేస్తే 85లో 35 మరణాలు, అంటే 41.2 శాతం. ‘ప్రాణంతోనే గడప దాటారు కదా’ అని బతికినవాళ్ళలో కలిపితే 35 శాతం. 15 మందీ ఇంటికెళ్ళి పోయారనుకుంటే 50 శాతం. అదే ఐసీయూ, అదే 100 మంది, మూడు వేరువేరు అంకెలు. వీటిలో ఏది నిజమో కేస్ షీట్ చూసి ఎవరూ చెప్పలేరు. ఇంటికి ఫోన్ చేస్తేనే తెలుస్తుంది.

మరణాల శాతం ఒక్కటే కాదు, మీ థీసిస్ అసలు ప్రశ్న కూడా దెబ్బతింటుంది. లామా వెళ్ళేవాళ్ళు చీటీలు తీసినట్టు ఎవరో ఒకరు కాదు. సోఫా 13, 14 దగ్గర ఉండి, రెండు మందుల మీద కూడా బీపీ నిలబడని మనిషిని కొన ఊపిరి ఉండగానే ఇంటికి చేర్చాలని కుటుంబం తీసుకెళ్తుంది. ఇంకోవైపు, మూడో రోజుకే తేరుకుని, కూలి పోతోందని సంతకం పెట్టి వెళ్ళిపోయే మనిషీ ఉంటాడు. మొదటివాళ్ళను తీసేస్తే ఎక్కువ స్కోరు ఉన్నవాళ్ళలో మరణాలు తగ్గి కనిపిస్తాయి. రెండోవాళ్ళను తీసేస్తే తక్కువ స్కోరు ఉన్నవాళ్ళలో బతికినవాళ్ళు తగ్గుతారు. మీరు కొలవాలనుకున్న సంబంధాన్నే రెండు చివర్ల నుంచీ కొరికేసినట్టవుతుంది.

ఎంతమంది ఎన్ని రోజులు బతికారో చూపే కప్లాన్ మేయర్ గీత గీసి, లామా రోజున సెన్సార్ చేస్తే, అంటే ఆ రోజు వరకే లెక్కలో ఉంచితే సరిపోతుందని ఎవరైనా చెప్పవచ్చు. సరిపోదు. సెన్సార్ చేయడంలో ఒక షరతు దాగి ఉంది: అలా మధ్యలో వెళ్ళిన మనిషికి, అదే రోజు ఐసీయూలో మిగిలిన మనిషికి బతికే అవకాశం ఒకటే అయి ఉండాలి. వెంటిలేటర్ తీయించి తీసుకెళ్ళిన రోగి విషయంలో ఈ మాట అనలేం.

అందుకని ప్రొఫార్మాలో లామా గడిని నాలుగు ముక్కలు చేయండి: ఆశ లేదని తీసుకెళ్ళినవాళ్ళు, డబ్బు లేదా తోడుండే మనిషి లేక వెళ్ళినవాళ్ళు, వేరే ఆసుపత్రికి మారినవాళ్ళు, నయమై వెళ్ళినవాళ్ళు. వెళ్ళేటప్పటికి వెంటిలేటర్ ఉందా, బీపీ నిలబెట్టే నారడ్రినలిన్ ఎంత నడుస్తోంది, స్పృహను కొలిచే జీసీఎస్ ఎంత అన్నవి అదే పూట రాసుకోండి. మర్నాడు అడిగితే డ్యూటీ సిస్టర్‌కి కూడా గుర్తుండదు. భారతీయ ఐసీయూల గురించి 2010, 2011లో జరిగిన ఇండిక్యాప్స్ అధ్యయనం 100కు పైగా ఐసీయూల నుంచి 4 వేలకు పైగా రోగుల వివరాలు సేకరించింది. అలాంటి పెద్ద లెక్కల పక్కన మీ అంకె పెట్టి పోల్చాలన్నా, మీరు లామాను ఎటు కలిపారో పైకి చెప్పి తీరాలి.

ఇక ‘ఫలితం’ అంటే ఏమిటో తేల్చుకోవాలి. ఐసీయూ గుమ్మం దాటడం ఫలితం కాదు, అది మంచం మారడం మాత్రమే. మంచాలు చాలనప్పుడు రోగిని వార్డుకి ముందుగా పంపేస్తారు, అతను మూడు రోజులకు వార్డులో పోతాడు, ఐసీయూ లెక్కలో మాత్రం బతికినవాడే. కాబట్టి మీ మొదటి ఫలితం ‘చేరిన రోజు నుంచి 28వ రోజుకి ప్రాణంతో ఉన్నారా, లేరా’ అయి ఉండాలి. ఎక్కడున్నా సరే. ఐసీయూ మరణం, ఆసుపత్రి మరణం రెండో వరసలో రాయండి. వీలైతే 90వ రోజు కూడా అడగండి.

90వ రోజుకి ఎందుకంత విలువో చక్కెర కథ చెబుతుంది. 2001లో బెల్జియంలోని లూవెన్‌లో 1,548 మంది శస్త్రచికిత్స ఐసీయూ రోగుల మీద చేసిన ట్రయల్‌లో, ఇన్సులిన్‌తో రక్తంలో చక్కెరను గట్టిగా అదుపు చేస్తే ఐసీయూ మరణాలు 8 శాతం నుంచి 4.6 శాతానికి తగ్గాయి. ప్రపంచమంతా ఆ పద్ధతి పట్టుకుంది. 2009లో నైస్ షుగర్ ట్రయల్ 6 వేలకు పైగా రోగులను 90 రోజులు చూసింది. గట్టి అదుపు గుంపులో 27.5 శాతం, మామూలు గుంపులో 24.9 శాతం పోయారు. దారి తిరగబడింది. రెండు ట్రయల్స్‌కీ రోగుల్లోనూ, ఆహారం ఇచ్చిన తీరులోనూ ఇంకా తేడాలున్నాయి, నిజమే. కానీ ఒక ఆసుపత్రి ఐసీయూ లోపల లెక్కపెట్టి ఆగిపోయిన అంకె మీద అందరి వైద్యాన్నీ మార్చుకోకూడదని ఆ దెబ్బతో తెలిసింది.

ఎన్ని రోజులున్నారన్న లెక్కను ఫలితంగా వాడేటప్పుడు కూడా జాగ్రత్త. రెండో రోజే పోయిన రోగి ‘తక్కువ రోజులే ఉన్నాడు’ కాబట్టి సగటు బాగా కనిపిస్తుంది. బతికినవాళ్ళ రోజులు వేరుగా, పోయినవాళ్ళ రోజులు వేరుగా రాయండి, సగటు కాకుండా మీడియన్ (వరసలో మధ్యన పడే విలువ) ఇవ్వండి. వెంటిలేటర్ లేకుండా గడిపిన రోజులు 28కి లెక్క కట్టి, పోయినవాళ్ళకు సున్నా వేసే పద్ధతి ఈ చిక్కు విప్పడానికే వచ్చింది.

100 మంది సరిపోతారా? ఆ 100 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. మన పీజీ థీసిస్‌లలో ఎక్కువగా కనిపించే సూత్రం 4పీక్యూ బై డీ స్క్వేర్ (పీ మరణాల శాతం, క్యూ మిగిలిన శాతం, డీ పొరపాటు). పాత అధ్యయనం ప్రకారం మరణాలు 40 శాతం, పొరపాటు 10 శాతం అటూ ఇటూ అనుకుంటే 4 × 40 × 60 ÷ 100 = 96. దాన్ని సరిచేసి 100 అంటారు. అంటే ఈ 100 ‘మరణాల శాతం ఎంత’ అనే ప్రశ్నకి మాత్రమే, అదీ 30 నుంచి 50 మధ్య ఎక్కడో అని చెప్పడానికి మాత్రమే సరిపోతుంది. 5 శాతం తేడాలో చెప్పాలంటే 384 మంది కావాలి.

మీ ప్రశ్న సోఫా గురించి. 100 మందిలో 40 మరణాలుంటే, పోయేవాళ్ళను, బతికేవాళ్ళను స్కోరు ఎంత బాగా విడదీస్తుందో చెప్పే ఆర్ఓసీ గీత కింద వైశాల్యం సోఫాకి 0.80 వచ్చిందనుకోండి, దాని 95 శాతం హద్దులు దాదాపు 0.71 నుంచి 0.89. ఇది పనికొచ్చే సమాచారమే, సిగ్గుపడాల్సింది కాదు. కానీ అదే 100 మందిలో ‘సోఫా మేలా, అపాచీ అనే ఇంకో స్కోరు మేలా’ అని 0.80ని 0.83తో పోల్చి తీర్పు చెప్పడానికి కుదరదు. చాలా అంశాలను కలిపి ఫలితంతో ముడిపెట్టే లాజిస్టిక్ రిగ్రెషన్‌లో ఒక్కో అంశానికి కనీసం 10 మరణాలుండాలన్న మోటు లెక్క ప్రకారం 40 మరణాలకి నాలుగు అంశాలు పెట్టుకోవచ్చు. వయసు, సోఫా, లాక్టేట్, ముందే ఉన్న కిడ్నీ జబ్బు, అంతే. 18 అంశాలు కంప్యూటర్‌లో పోసి, పీ విలువ 0.05 లోపు వచ్చినవాటిని ఏరుకుంటే అవి మీ 100 మందికి తప్ప 101వ మనిషికి పనికిరావు. ఆ నాలుగూ ఏవో రోగులను చేర్చుకోకముందే ప్రోటోకాల్‌లో రాసిపెట్టండి.

ఏదైనా చికిత్స మంచిదా కాదా అని రెండు గుంపులను పోల్చే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. మరణాలు 40 నుంచి 30 శాతానికి తగ్గాయని 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టే అవకాశంతో) చూపడానికి గుంపుకి 350 మందికి పైగా కావాలి. ఒక పీజీ 18 నెలల్లో చేసే పని కాదది.

ఇప్పుడు సోఫా. ఆరు అవయవాలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 24. చూడ్డానికి తేలికగా ఉంటుంది. తప్పులన్నీ ఆ తేలికలోనే జరుగుతాయి.

అన్నిటికంటే ఎక్కువగా చెడేది నారడ్రినలిన్ లెక్క. కిలోకి నిమిషానికి 0.1 మైక్రోగ్రాము దాకా 3 పాయింట్లు, దాటితే 4. మన దగ్గర దొరికే ఆంప్యూల్ లేబుల్ ఒకసారి తీసి చదవండి. సాధారణంగా మిల్లీలీటరుకి నారడ్రినలిన్ బైటార్ట్రేట్ 2 మిల్లీగ్రాములు, అది నారడ్రినలిన్ బేస్ 1 మిల్లీగ్రాముకి సమానం అని రాసి ఉంటుంది. 2 మిల్లీలీటర్ల ఆంప్యూళ్ళు రెండు తీసి 50 మిల్లీలీటర్ల సిరంజిలో కలిపి, 60 కిలోల మనిషికి గంటకి 4 మిల్లీలీటర్లు నడుపుతున్నారనుకోండి. బైటార్ట్రేట్ ఉప్పు లెక్కన చూస్తే సిరంజిలో 8 మిల్లీగ్రాములు, అంటే కిలోకి నిమిషానికి సుమారు 0.18 మైక్రోగ్రాము, 4 పాయింట్లు. బేస్ లెక్కన 4 మిల్లీగ్రాములు, సుమారు 0.09, 3 పాయింట్లు. సిరంజి ఒకటే, రోగి ఒకరే. పగలు డ్యూటీ పీజీ ఒకలా, రాత్రి డ్యూటీ పీజీ ఇంకోలా లెక్కేస్తే స్కోరు పెరిగిందో తగ్గిందో కూడా తెలియదు. అందుకని ప్రొఫార్మాలో డోసు గడి పెట్టకండి. ఎన్ని ఆంప్యూళ్ళు, ఎంత ద్రవంలో, గంటకి ఎన్ని మిల్లీలీటర్లు, రోగి బరువు ఎంత, ఆ బరువు తూచిందా అంచనానా అన్నవే రాయించండి. డోసు తర్వాత మీరొక్కరే, ఒకే సూత్రంతో, బేస్‌లో కట్టుకోండి. ఏది వాడారో థీసిస్‌లో ఒక వాక్యం రాయండి. ఆ ఒక్క వాక్యం లేని థీసిస్‌లే ఎక్కువ.

ఆక్సిజన్ దగ్గర రెండో గోతి ఉంది. పీఎఫ్ నిష్పత్తి (ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం పీఏఓటూని, పీల్చే గాలిలో ఆక్సిజన్ వంతు ఎఫ్ఐఓటూతో భాగిస్తే వచ్చేది) 200 కంటే తగ్గినా, వెంటిలేటర్ లాంటి శ్వాస సాయం లేకపోతే 2 పాయింట్లకు మించి వేయకూడదు. మామూలు మాస్క్ మీద ఎఫ్ఐఓటూ ఎంతో నిజంగా ఎవరికీ తెలియదు. మాస్క్‌తో 6 లీటర్లు ఇస్తున్నప్పుడు పీఏఓటూ 72 వచ్చిందనుకోండి. ఎఫ్ఐఓటూ 0.35 అంటే నిష్పత్తి దాదాపు 206, 0.5 అంటే 144. కాబట్టి ఏ మాస్క్, ఎన్ని లీటర్లు అన్నది అలాగే రాసి, ఒకే పట్టిక ప్రకారం మార్చుకోండి. ధమని రక్త పరీక్ష ఏబీజీ లేనప్పుడు పల్స్ ఆక్సీమీటర్ రీడింగ్‌ని ఎఫ్ఐఓటూతో భాగించి వాడుకోవచ్చు. 315 వస్తే పీఎఫ్ 300కి, 235 వస్తే 200కి సమానంగా తీసుకుంటారు. కాకపోతే రీడింగ్ 97 లేదా అంతకు తక్కువ ఉన్నప్పుడే. 99, 100 దగ్గర ఆ లెక్క అర్థంలేనిది.

ఇక్కడే ఒక సంగతి గమనించాలి. సోఫాలో కొన్ని పాయింట్లు జబ్బు తీవ్రతకి కాక, ఇచ్చిన చికిత్సకి పడతాయి. వెంటిలేటర్ మంచం ఖాళీ లేక రాత్రంతా మాస్క్ మీదే ఉన్న రోగికి 2 పాయింట్లు, మంచం దొరికిన రోగికి 3 లేదా 4. అంటే వనరులు తక్కువైన చోట స్కోరు తక్కువగానూ, మరణాలు ఎక్కువగానూ కనబడతాయి. ‘వెంటిలేటర్ అవసరమైంది, దొరకలేదు’ అని ఒక గడి పెట్టండి. దాన్ని నింపడానికి భయపడకండి. మన ఐసీయూల గురించి నిజం చెప్పే గడి అది.

మత్తు మందు ఇచ్చి ట్యూబ్ వేసిన రోగికి జీసీఎస్ 3 అని వేసి మెదడుకి 4 పాయింట్లు ఇచ్చేయడం సర్వసాధారణంగా జరిగే తప్పు. మత్తు ఇవ్వకముందు చివరిగా చూసిన జీసీఎస్ వాడతానని ముందే నియమం పెట్టుకుని, ట్యూబ్ వేసే డాక్టర్ అది రాసేలా చూడండి. ఇక కాలేయానికి చూసే బిలిరుబిన్ పరీక్ష పంపలేదు కాబట్టి సున్నా అనుకోవడం. పంపనిది వేరు, మామూలుగా ఉన్నది వేరు. చాలా అధ్యయనాలు లేని విలువను నార్మల్‌గా తీసుకుంటాయి. మీరూ తీసుకోవచ్చు, కానీ ఎంతమందికి ఏ పరీక్ష లేదో పట్టిక ఇవ్వాలి. ఆ రాత్రే పోయిన రోగికి పరీక్షలు పూర్తి కావు. అంటే ఎక్కువ జబ్బుపడ్డవాళ్ళకే సున్నాలు పడతాయి.

మీ ప్రాంతానికి సంబంధించిన చిక్కు ఇంకొకటుంది. 2016లో వచ్చిన సెప్సిస్ 3 నిర్వచనం ప్రకారం ఇన్ఫెక్షన్‌తో పాటు సోఫా 2 లేదా అంతకంటే ఎక్కువ ‘పెరగాలి’. పెరగడం అంటే ముందున్న స్కోరు మీద. పాత జబ్బేదీ లేదని తెలిస్తే ముందరి స్కోరు సున్నా. కానీ కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస వైపు నుంచి, అంటే కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి వచ్చే రోగికి కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ ఏడాదిగా 4 దగ్గరే ఉండవచ్చు. అతనికి సెప్సిస్ రాకముందే కిడ్నీకి 3 పాయింట్లున్నాయి. జ్వరంతో వచ్చాడని అవి కలిపేస్తే సెప్సిస్ కానివాళ్ళు సెప్సిస్ అవుతారు, మీ రోగుల్లో సోఫా సగటు పెరుగుతుంది, సోఫా మరణాన్ని సరిగా పట్టలేదని తప్పుడు నిర్ణయానికి వస్తారు. రోగి వెంట వచ్చినవాళ్ళని పాత రిపోర్టులు, డయాలసిస్ పుస్తకం ఫోన్‌లో ఫొటో తీయించి తెప్పించమనండి. ఆరు నెలల లోపు క్రియాటినిన్ ఉంటే అదే ముందరి విలువ. దొరకకపోతే ‘తెలియదు’ అని రాయండి, 1.0 అని ఊహించకండి. నిజానికి పాత కిడ్నీ జబ్బున్నవాళ్ళను, లేనివాళ్ళను వేరువేరుగా చూపిస్తే మీ థీసిస్‌కి ఇంకెక్కడా దొరకని విలువ వస్తుంది. గైడ్‌తో ఈ మాట తప్పకుండా చర్చించండి.

డెంగీ రోగులను చేర్చాలా వద్దా అన్నదీ ఇప్పుడే తేల్చుకోండి. ప్లేట్‌లెట్లు 20 వేల లోపుంటే ఒక్కసారిగా 4 పాయింట్లు పడతాయి, కానీ ఆ రోగుల్లో చాలామంది నడిచి ఇంటికెళ్తారు. వైరస్ సెప్సిస్ కూడా సెప్సిసే కాబట్టి తీసేయాలని మేము చెప్పం. వేరు వరసలో చూపించాలని మాత్రం చెబుతాం.

స్కోరు ఒక్కసారే వేస్తే చాలా అని అడగలేదు గానీ, అడగాల్సిన మాటే. మొదటి 24 గంటల్లో అతి చెడ్డ విలువలతో ఒకసారి, 48 గంటల దగ్గర ఇంకోసారి వేయండి. బ్రసెల్స్‌లో 352 మంది ఐసీయూ రోగుల మీద చేసి 2001లో ప్రచురించిన పనిలో, మొదటి స్కోరు ఎంతైనా సరే, 48 గంటల్లో అది పెరిగినవాళ్ళలో మరణాలు కనీసం 50 శాతం ఉన్నాయి. కానీ ఒక మెలిక ఉంది. 48 గంటల లోపే పోయినవాళ్ళకు రెండో స్కోరు ఉండదు. వాళ్ళు ఆ లెక్కలోంచి జారిపోతారు. ‘48 గంటలు బతికినవాళ్ళలో’ అనే మాట చేర్చి రాయాలి, ఎంతమంది జారిపోయారో చెప్పాలి. ఇదే తప్పు ఇంకో రూపంలో కూడా వస్తుంది: ‘ఏడు రోజులు ఫలానా మందు తీసుకున్నవాళ్ళు ఎక్కువగా బతికారు’. ఏడు రోజులు మందు తీసుకోవాలంటే ఏడు రోజులు బతికుండాలి కదా! డయాలసిస్ చేయించుకున్నవాళ్ళు ఎక్కువగా పోయారు కాబట్టి డయాలసిస్ చెడ్డదనడం దీనికి తిరగేసిన రూపం. చేయాల్సినంత జబ్బు ఉన్నవాళ్ళకే చేశారు.

రోగులను ఎవరిని చేర్చాలన్నది త్వరగా చెప్పి ముగిస్తాం. వరసగా వచ్చిన ప్రతివాళ్ళనూ. మీ డ్యూటీ రోజుల్లో వచ్చినవాళ్ళను మాత్రమే చేరిస్తే ఆదివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లవారేలోపు పోయిన రోగి మీ వంద మందిలో ఉండడు. ఐసీయూ అడ్మిషన్ రిజిస్టర్ పక్కన ఒక స్క్రీనింగ్ పుస్తకం పెట్టండి: ఎవరు వచ్చారు, ఎందుకు చేర్చలేదు. ఒకే మనిషి రెండోసారి చేరితే మొదటిసారే లెక్క. వేరే ఆసుపత్రిలో ఎన్ని గంటలు ఉండి వచ్చారు, అక్కడ యాంటీబయాటిక్ ఏమిచ్చారు, ఎన్ని సెలైన్లు ఎక్కించారు అన్నవి రాయండి. మూడు రోజులు నర్సింగ్ హోమ్‌లో ఉండి బీపీ కాస్త కుదుటపడ్డాక వచ్చిన రోగికి మీ దగ్గర స్కోరు తక్కువ పడుతుంది, జబ్బు మాత్రం పాతది.

అనుమతుల సంగతి. ఎథిక్స్ కమిటీ ఆమోదం చేతికి రాకముందు ఒక్క రోగి వివరం కూడా రాయకూడదు. ఐసీయూ రోగి సంతకం చేసే స్థితిలో ఉండరు కాబట్టి చట్టబద్ధమైన ప్రతినిధి సమ్మతి తీసుకుంటాం. రోగికి తెలివి వచ్చాక మళ్ళీ ఆయన్నే అడగాలని గుర్తుంచుకోండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. వేలిముద్ర అయితే సంబంధం లేని సాక్షి ఉండాలి. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐలో నమోదు చేయించాలనుకుంటే మొదటి రోగి చేరకముందే చేయండి. 2018 ఏప్రిల్ 1 నుంచి అక్కడ వెనక తేదీ నమోదులు తీసుకోవడం లేదు. 28వ, 90వ రోజు ఫోన్ చేస్తామన్న మాట సమ్మతి పత్రంలోనే రాయండి. ముందే చెప్పి చేసిన ఫోన్‌కీ, ఉన్నట్టుండి వచ్చిన ఫోన్‌కీ ఇంట్లోవాళ్ళకు చాలా తేడా ఉంటుంది.

మీ ఆఖరి ప్రశ్నకి వచ్చాం. ఫోన్ చేయడం బాధపెట్టడమా? ఎలా చేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది.

చేరిన రోజే మూడు నంబర్లు తీసుకోండి: రోగి దగ్గరుండే మనిషిది, ఇంట్లో మరొకరిది, పక్కింటివాళ్ళదో ఊళ్ళో బంధువుదో. తీసుకున్న నంబరుకి అక్కడే మిస్డ్ కాల్ ఇచ్చి చూడండి. అంకె తప్పు రాసుకోవడం వల్ల పోయే రోగులే ఎక్కువ. నంబర్ల కాగితం ప్రొఫార్మాకి కుట్టకండి. వేరే పుస్తకంలో స్టడీ నంబరుతో పెట్టి తాళం వేయండి. ఫోన్ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య చేయండి, పొలం పనివాళ్ళు పగలు ఎత్తరు. ఎత్తకపోతే వేరువేరు రోజుల్లో ఐదుసార్లు ప్రయత్నించి, అప్పుడే ‘దొరకలేదు’ అని రాయండి.

‘బతికున్నారా’ అన్న మాట మీ నోట రాకూడదు. ‘నమస్కారమండీ, ఫలానా ఆసుపత్రి నుంచి డాక్టర్‌ని మాట్లాడుతున్నాను. పోయిన నెల మా ఐసీయూలో ఉన్న మీ నాన్నగారి గురించి చేశాను. ఇప్పుడు మాట్లాడొచ్చా అండీ?’ అని ఆగండి. వీలుందంటే, ‘ఇంటికొచ్చాక ఆయనకెలా ఉందండీ?’ జవాబు అందులోనే వస్తుంది. పోయారంటే వెంటనే తేదీ అడగకండి. వాళ్ళు చెప్పేది విని, తర్వాత ‘ఏ రోజండీ?’ అనండి. తేదీ గుర్తులేకపోతే వారం, దగ్గర్లో వచ్చిన పండుగ, పెదకర్మ ఎప్పుడు చేశారన్నది అడిగితే క్యాలెండర్‌లో లెక్క తేలిపోతుంది. వేరే మతంవాళ్ళైతే వాళ్ళ ప్రార్థన రోజును ఆనవాలుగా పట్టుకోండి.

బతికున్నవాళ్ళ గురించి మూడు సంగతులైనా తెలుసుకోండి. లేచి సొంతంగా బాత్‌రూమ్‌కి వెళ్తున్నారా, పనికి పోతున్నారా, మాటలు గుర్తుంటున్నాయా. సమయముంటే రోజువారీ పనులు సొంతంగా ఎంతవరకు చేసుకోగలరో కొలిచే బార్తెల్ ఇండెక్స్ పూర్తిగా అడగండి. 10 ప్రశ్నలు, 100 మార్కులు, ఫోన్‌లోనే అయిపోతుంది. కెనడాలో టొరంటో బృందం ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని ఐసీయూ నుంచి బయటపడ్డ 109 మందిని ఏడాది చూసి, 2003లో చెప్పింది: ఏడాది తర్వాత పనికి తిరిగి వెళ్ళినవాళ్ళు దాదాపు సగం మందే. అమెరికాలో 821 మందితో మొదలై, 2013లో ప్రచురితమైన అధ్యయనంలో, బతికినవాళ్ళను మూడు నెలలకు పరీక్షిస్తే 40 శాతం మందిలో జ్ఞాపకం, ఆలోచన ఓ మోస్తరు తలగాయం తగిలినవాళ్ళ స్థాయికి పడిపోయి ఉన్నాయి. జీడితోటలో కూలికి వెళ్ళే మనిషికి ఈ అంకెలు ఎలా ఉంటాయో మన దగ్గర ఎవరైనా లెక్కపెట్టాలి. మీరడిగే మూడు ప్రశ్నలే దానికి మొదలు కావచ్చు.

ఫోన్‌లో కొందరు మిమ్మల్నే తిరిగి అడుగుతారు: ‘మేము తీసుకెళ్ళకుండా ఉంచితే బతికేవారా డాక్టర్ గారూ?’ ఈ ప్రశ్నకి సిద్ధపడి ఫోన్ తీయండి. మీ దగ్గరున్న స్కోరు 100 మంది గుంపు గురించి చెబుతుంది, ఆ ఒక్క మనిషి గురించి చెప్పదు. అవునని గానీ కాదని గానీ అనకండి. ‘జబ్బు చాలా ముదిరి ఉందండీ. ఆ స్థితిలో ఉంచినా ఏమయ్యేదో ఎవరం కచ్చితంగా చెప్పలేం. మీరు ఆయన దగ్గరే ఉన్నారు, చేయగలిగింది చేశారు’ అని నెమ్మదిగా చెప్పండి. ఇంకా అడగాలనుకుంటే మీ కన్సల్టెంట్ ఓపీ రోజు చెప్పి, వచ్చి కలవమనండి, ఆ కేస్ షీట్ రికార్డు సెక్షన్ నుంచి ముందుగా తీయించి ఉంచండి.

ఫోన్ పెట్టిన వెంటనే, ఎవరు మాట్లాడారు, రోగికి ఏమవుతారు, ఏ తేదీ, ఏం చెప్పారు అన్నవి రాసేయండి. లామా వరసలో ఇప్పుడు ఖాళీగా ఉన్న చోటు నిండేది అలాగే. ఇంకా దొరకనివాళ్ళు ఐదారుగురు మిగిలితే, వాళ్ళందరూ బతికారనుకుని ఒకసారి, పోయారనుకుని ఒకసారి లెక్క కట్టి రెండు అంకెలూ మాస్టర్ చార్ట్ కింద రాయండి.